కీలు మారుతుంది, నొప్పి మారుతుందా?

అరవై దాటిన తల్లిదండ్రులు ఉన్న మధ్యతరగతి గృహాలలో నేడు తప్పక వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది: "మోకాళ్ళకు ఆపరేషన్ చేయించమంటారా, వద్దంటారా?" అడిగే కుమారుడు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగంలో ఉంటాడు. తల్లి పులివెందులలోనో ప్రొద్దుటూరులోనో ఉంటుంది. కుమారుని వద్ద ధనం ఉన్నది. తల్లి మనస్సులో భయం ఉన్నది. వైద్యుని నుండి వారు కోరేది ఒక్క మాట, అవునో కాదో. ఆ మాట చెప్పడానికి ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉన్నదనీ, దానిని చాలా ఇళ్ళలో ఎవరూ వేసుకోవడం లేదనీ విన్నవించడమే ఈ వ్యాసోద్దేశం. ఆ ప్రశ్న ఇది: ఈ నొప్పి నిజంగా ఆ కీలులోనే పుట్టినదా?

మా కడప జిల్లాలో పాపఘ్ని నది శేషాచలపు కొండలను చీల్చుకొని వచ్చే చోట గండి క్షేత్రం వెలసింది. అక్కడ తపస్సు చేసుకుంటున్న వాయుదేవుడు శ్రీరాముని ఆహ్వానించాడనీ, రాముడు తన బాణపు మొనతో రాతిపై ఆంజనేయుని రూపాన్ని గీశాడనీ స్థలపురాణం చెబుతుంది. శ్రావణ మాసపు శనివారాలలో ఆ స్వామి దర్శనానికి వచ్చే జనసందోహంలో, మోకాలిపై చేయి ఆనించి మెల్లమెల్లగా అడుగు వేసే పెద్దవారు ఎందరో కనిపిస్తారు. వాయుక్షేత్రంలో వాతరోగులు కనిపించడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని నొప్పికి మూలం వాతమనే మన ఆచార్యుల సిద్ధాంతం ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. వాయువుకు చలనం స్వభావం. అది ఒక్క కీలులో చేరి నిలువగలదు, సర్వాంగాలలోనూ వ్యాపించగలదు. ఒకచోట చేరిన వాతానికి చేయవలసిన చికిత్స వేరు, సర్వాంగవాతానికి చేయవలసిన చికిత్స వేరు. ఈ భేదాన్ని విస్మరించి కీలు మార్పించుకున్నవారే, తరువాత "ఇంత ఖర్చు పెట్టినా నొప్పి పోలేదే" అని విచారపడేవారిలో అధికంగా కనిపిస్తారు.

శస్త్రం మనకు పరాయిది కాదు

ఆయుర్వేద వైద్యుడు శస్త్రచికిత్సను గూర్చి వ్రాస్తున్నాడంటే దానిని నిందించడానికేనని కొందరు పాఠకులు భావించవచ్చు. అది సరికాదు. సుశ్రుతాచార్యుడు మన శాస్త్రంలోనివాడే. కాయచికిత్సకు ప్రమాణమైన చరకసంహిత సైతం, గుల్మం పక్వానికి వచ్చినప్పుడు ఇక అది ధన్వంతరి సంప్రదాయానికి చెందిన శస్త్రవైద్యుల అధికారమని స్పష్టంగా ఒప్పుకొన్నది. తన హద్దు తెలిసి రోగిని తగినవారికి అప్పగించడం ఆ కాలంలోనే వైద్యధర్మంగా ఉన్నది. మా ప్రాంతానికీ శస్త్రవైద్యం నిన్న మొన్న వచ్చినది కాదు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రిని ఈ వైపు పెద్దలందరూ ఎరుగుదురు.

అయితే సుశ్రుతుడు రెండు సంగతులను నొక్కి చెప్పాడు. శరీరంలోని 107 మర్మాలలో మోకాలును ఆయన వైకల్యకర మర్మంగా పేర్కొన్నాడు. అక్కడ దెబ్బ తగిలితే ప్రాణం పోకపోయినా కుంటితనం మిగలవచ్చునని దాని భావం. రెండవది, ఏ చికిత్సకైనా పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ అని మూడు అంగాలు ఉండవలెనని ఆయన నిర్దేశం. నేడు మనవారు ప్రధానకర్మను మాత్రమే కొనుక్కుంటున్నారు. ముందు చేయవలసిన విచారణా, తరువాత చేయవలసిన సాధనా రెండూ ఇంట్లోనే జారిపోతున్నాయి.

శస్త్రచికిత్స చేసేది ఏమిటి?

"చిప్పలు మార్పించుకున్నారు" అని వాడుకలో అంటారు గాని, ఈ చికిత్సలో ప్రధానంగా జరిగేది చిప్ప మార్పు కాదు. తొడ ఎముక చివరనూ, కాలి పెద్ద ఎముక పైభాగాన్నీ అరిగినంత మేర చెక్కి, లోహపు తొడుగులు అమర్చి, వాటి నడుమ గట్టి ప్లాస్టిక్ పలకను ఉంచుతారు. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1962లో తుంటి కీలు మార్పిడిని విజయవంతంగా స్థిరపరచిన తరువాత మోకాలి మార్పిడి కూడా క్రమంగా అభివృద్ధి చెందింది. మన దేశంలో ఇది సామాన్య ప్రజల నోట నానినది అటల్ బిహారీ వాజపేయి గారితో అని చెప్పవచ్చు. ప్రధానిగా ఉండగానే 2000 అక్టోబరులో ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ముంబయిలో ఆయనకు ఈ చికిత్స జరిగింది.

ధర విషయంలోనూ మార్పు వచ్చింది. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వపు ఔషధ ధరల ప్రాధికార సంస్థ కృత్రిమ మోకాలి పరికరాలకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. అంతవరకు సగటున 1,58,324 రూపాయలకు అమ్ముతూ వచ్చిన కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాక 54,720 రూపాయలు పరిమితిగా పెట్టింది. ఆసుపత్రి గది, శస్త్రవైద్యుని రుసుము, మందులు ఇందులో చేరవు. పరికరం మన్నిక విషయంలోనూ భయపడవలసిన పని లేదు. 2019లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశీలన ప్రకారం పూర్తి మోకాలి మార్పిడులలో 82 శాతం వరకు 25 ఏళ్ళు నిలుస్తున్నాయి.

కాబట్టి కీలు పూర్తిగా అరిగి, కాలు వంకరపోయి, నాలుగు అడుగులు వేయలేక, రాత్రి నిద్ర లేక బాధపడే వ్యక్తికి ఈ చికిత్స ఒక వరం. ఈ మాటను ఏ సంకోచమూ లేకుండా చెబుతున్నాను.

మిగిలిపోయే నొప్పి

ఇక రెండవ పార్శ్వం. 2012లో బ్రిటన్ పరిశోధకులు అనేక పరిశీలనలను క్రోడీకరించి చూశారు. మోకాలు మార్పించుకున్నవారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి దీర్ఘకాలం చెప్పుకోదగిన నొప్పి మిగిలిపోతున్నదని తేలింది. తుంటి మార్పిడిలో ఈ సంఖ్య తక్కువ. పరికరం సరిగా కూర్చున్నది, ఎక్స్‌రే చక్కగా ఉన్నది, గాయం మానింది. అయినా నొప్పి మిగిలింది. ఎందువలన?

కారణాలు అనేకం. వాటిలో ఒకటి మన చర్చకు ముఖ్యమైనది. ఏళ్ళ తరబడి నొప్పి అనుభవించినవారిలో వెన్నుపాము, మెదడు ఆ నొప్పికి అలవాటుపడి, చిన్న స్పర్శను కూడా పెద్ద బాధగా గ్రహించడం మొదలుపెడతాయని ఆధునికులు చెబుతున్నారు. మోకాలితో పాటు నడుము, మెడ, భుజాలు అన్నీ నొప్పిగా ఉండేవారు, నిద్ర చాలక అలసటతో లేచేవారు, మనోవేదనలో ఉన్నవారు, ఇలాంటివారికి కీలు మార్పిడి తరువాత లభించే ఉపశమనం ఇతరులకంటె తక్కువగా ఉంటున్నదని పరిశీలనలు సూచిస్తున్నాయి. మన పరిభాషలో చెప్పవలెనంటే, వాతం సర్వాంగాలను ఆశ్రయించి ఉండగా ఒక్క సంధిని మాత్రం సరిచేసినట్లు. ఇంటి కప్పు అంతా కారుతున్నప్పుడు ఒక్క దూలం మార్చితే ఆ దూలం కొత్తదవుతుంది, వాన మాత్రం ఇంట్లోకే వస్తుంది.

మరొక సంగతి గమనించవలెను. ఎక్స్‌రేలో అరుగుదల ఎంత ఉన్నదో నొప్పి అంతే ఉండవలెనన్న నియమం లేదు. బాగా అరిగిన మోకాళ్ళతో పొలం పనికి వెళ్ళేవారు ఉన్నారు. స్వల్పమైన అరుగుదలతోనే మంచం పట్టినవారూ ఉన్నారు. అందుచేత ఎక్స్‌రే ఫిల్మును మాత్రమే చూచి నిర్ణయించడం, రోగిని చూడకుండా జాతకం చూచి మందు ఇవ్వడం వంటిది.

మోకాళ్ళ నొప్పులన్నీ ఒకటి కావు

గృహస్థులు తెలుసుకోవలసిన భేదాలు ఇవి.

మొదటిది సంధిగతవాతం. వయస్సుతో, బరువుతో, శ్రమతో కీలు అరగడం వలన వచ్చేది. నడిచినప్పుడు, మెట్లు దిగినప్పుడు నొప్పి, విశ్రాంతితో ఉపశమనం. ఉదయపు బిగువు సాధారణంగా అరగంటలోపు సడలుతుంది. కీలు మార్పిడి ప్రధానంగా ఈ రకపు వ్యాధి ముదిరినవారి కోసం ఏర్పడినది.

రెండవది ఆమవాతం. చేతివేళ్ళ చిన్న కీళ్ళు రెండు వైపులా వాచడం, ఉదయం గంటకు పైగా బిగుసుకుపోవడం, ఆకలి మందగించడం, ఒళ్ళు వెచ్చబడడం దీని లక్షణాలు. ఆధునికుల రుమటాయిడ్ ఆర్థరైటిస్ దీనికి దగ్గరిది. ఇందులో రోగం కీలులో మొదలుకాలేదు. దేహమంతటా ఉన్న దోషం కీళ్ళలో బయటపడింది. దానిని అదుపులో పెట్టకుండా ఒక్క మోకాలు మార్చితే మిగిలిన కీళ్ళు తమ దారిన తాము చెడుతూనే ఉంటాయి. నొప్పి అనగానే నూనె మర్దన చేయడం మనవారికి అలవాటు. వాపుతో కూడిన ఆమవాతంలో అది హానికరం. అక్కడ పొడి కాపడమే శాస్త్రసమ్మతం.

మూడవది వాతరక్తం. తరచు కాలి బొటనవ్రేలి వద్ద హఠాత్తుగా ఎర్రని వాపుతో మొదలయ్యేది. రక్తంలో యూరిక్ ఆమ్లం చూపించుకుంటే చాలావరకు తెలుస్తుంది.

నాలుగవది సర్వాంగవాతపు నొప్పి. "ఒళ్ళంతా నొప్పులే సామీ, ఫలానా చోట అని చెప్పలేను" అని మా వైపు ఆడవారు చెప్పేది ఇదే. నెలల తరబడి అన్ని వైపులా నొప్పి, తీరని అలసట, తృప్తి లేని నిద్ర. ఆధునికులు ఫైబ్రోమయాల్జియా అని పిలిచే స్థితి ఇందులో ఒకటి. విటమిన్ డి లోపం, థైరాయిడ్ మాంద్యం కూడా ఇటువంటి నొప్పులనే కలిగిస్తాయి. వీటిని చిన్న రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. "ఆమెకు ఏమీ లేదు, అంతా మనస్సే" అని ఇంటివారు తీసివేయడం అన్యాయం. నొప్పి నిజమైనదే, దాని నివాసం మాత్రం మోకాలు కాదు.

అయిదవదాన్ని మా ప్రాంతంవారు ప్రత్యేకంగా జ్ఞాపకం ఉంచుకోవలెను. అది నీటి నుండి వచ్చేది. నేటి ప్రకాశం జిల్లాలో చేరిన, అప్పటి నెల్లూరు జిల్లా భాగాలలో ఫ్లోరైడు నీటి వలన ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతున్నాయని 1937లోనే వైద్యులు ప్రకటించారు. నల్గొండ దుఃస్థితి తెలుగువారందరికీ తెలిసినదే. కడప జిల్లాలోనూ కొన్ని గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు అధికంగా ఉన్నది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండడం మేలనీ, వేరే గతి లేనప్పుడు కూడా 1.5 దాటకూడదనీ భారతీయ ప్రమాణాల నిర్ణయం. ఊరిలో పిల్లల పళ్ళపై గోధుమరంగు మరకలు, పెద్దలలో మెడ తిరగకపోవడం, నడుము వంగకపోవడం కనిపిస్తే మోకాలికంటె ముందు నీటిని పరీక్షించవలెను. కీలు మార్చినంత మాత్రాన బావి మారదు.

ఇవి కాక తుంటిలోనో వెన్నులోనో ఉన్న దోషం మోకాలి నొప్పిగా కనిపించడమూ కద్దు.

రెండు పరిశోధనలు చెప్పిన పాఠం

2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక విలక్షణమైన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. మోకాలు అరిగిన 180 మందిని తీసుకొని, కొందరికి చిన్న గొట్టం ద్వారా కీలును కడిగారు, కొందరికి లోపల చెక్కి శుభ్రం చేశారు, మరికొందరికి చర్మంపై కోత మాత్రం పెట్టి కుట్టివేశారు. ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియదు. రెండేళ్ళ పరిశీలనలో అసలు చికిత్స పొందినవారికి, ఉత్త కోత పెట్టించుకున్నవారికంటె అధికంగా లాభం ఏమీ కనబడలేదు. శస్త్రం అన్న పేరు ఉన్నంత మాత్రాన అది చికిత్స అయిపోదని ఆ పరీక్ష తేల్చింది.

2015లో డెన్మార్కులో 100 మందిపై జరిగిన పరీక్ష ఇంకా ఉపయోగకరమైనది. అందరూ మోకాలి మార్పిడికి తగినవారే. సగం మందికి మార్పిడి చేసి, తరువాత 12 వారాలు వ్యాయామం, ఆహార నియమం, శిక్షణ ఇచ్చారు. మిగిలిన సగానికి శస్త్రం లేకుండా ఆ 12 వారాల శిక్షణ మాత్రమే ఇచ్చారు. ఏడాది తరువాత చూడగా మార్పిడి పొందినవారికి కలిగిన మేలు రెండవ వర్గానికంటె సుమారు రెండింతలు ఉన్నది. అదే సమయంలో, తీవ్రమైన ఉపద్రవాలూ వారిలోనే అధికంగా కనిపించాయి. రెండవ వర్గంలోని 50 మందిలో 13 మంది మాత్రమే ఆ ఏడాదిలో శస్త్రచికిత్స కోరుకున్నారు.

ఈ ఫలితాన్ని ఉభయ పక్షాలవారూ తమకు అనుకూలమైన సగమే చదువుతారు. నిష్పక్షపాతంగా చదివితే అర్థం ఇది: తగిన రోగికి శస్త్రం మిన్న, కాని ముందు నియమంగా మూడు నెలలు సాధన చేసినవారిలో ఎక్కువమందికి వెంటనే ఆ అవసరం రాదు. ఆ మూడు నెలలనే నేను పూర్వకర్మ అంటున్నాను.

ఆలస్యం కూడా అపరాధమే

ఇంతవరకు చదివి "అయితే వైద్యుడు గారు ఆపరేషన్ వద్దంటున్నారు" అని ఎవరూ తీర్మానించవద్దు. "కత్తి పెట్టించుకోవద్దు, నా చూర్ణంతో అరిగిన గుజ్జు మళ్ళీ పుట్టిస్తాను" అని పలికేవారు మన వైద్యవర్గంలోనే ఉన్నారు. పూర్తిగా అరిగిపోయిన కీలులో మృదులాస్థిని తిరిగి పుట్టించే ఔషధాన్ని నేను గురుముఖంగా వినలేదు, నలభై ఏళ్ళ అనుభవంలో చూడలేదు. నొప్పినీ వాపునూ తగ్గించగలము, కండరాలకు బలం ఇవ్వగలము, అరుగుదల వేగాన్ని మందగింపజేయడానికి యత్నించగలము. అంతకు మించి ఆశ చూపడం ధర్మం కాదు.

తేదీ లేని, పేరు లేని పొట్లాలలో అమ్మే పొడులు మరీ ప్రమాదకరం. ఒక్క రోజులోనే మంత్రం వేసినట్లు నొప్పి మాయమయితే, ముఖం ఉబ్బుతూ ఆకలి అమితంగా పెరిగితే, ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసినదేమోనని అనుమానించవలెను. అటువంటి మందు చాలాకాలంగా వాడినవారు హఠాత్తుగా మానడం కూడా అపాయకరం కనుక వైద్యుని వద్దకు వెళ్ళి నెమ్మదిగా మానవలెను. దుకాణంలో కొని ఏళ్ళ తరబడి మింగే నొప్పి మాత్రలూ మూత్రపిండాలకు శత్రువులే. అనవసరపు శస్త్రం ఎంత నష్టమో, అవసరమైన శస్త్రాన్ని భయపెట్టి పదేళ్ళు వెనుకకు నెట్టడమూ అంతే నష్టం. ఈలోగా తొడ కండరాలు కృశిస్తాయి, కాలు వంకరపోతుంది, కదలక బరువు పెరుగుతుంది, చక్కెర వ్యాధి అదుపు తప్పుతుంది. చివరకు శస్త్రవైద్యుని వద్దకు చేరేసరికి ఆయన చేయగలిగినది సగం అవుతుంది.

ఇంటివారు చేయవలసినది

నొప్పి ఒక్క మోకాలిలోనా, ఒళ్ళంతానా? ఉదయం ఎంతసేపు బిగువు? నిద్ర ఎలా ఉన్నది? ఈ మూడింటినీ రెండు వారాలపాటు కాగితంపై వ్రాసి ఉంచండి. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా ఈ కాగితం ఎక్స్‌రేకు తోడుగా మాట్లాడుతుంది.

పిదప మూడు నెలల సాధన. కుర్చీలో కూర్చొని ఒక కాలిని నేలకు సమాంతరంగా చాచి, తొడ కండరాన్ని బిగించి, అయిదు లెక్కపెట్టి దించడం, ఒక్కొక్క కాలికి పదిసార్లు, రెండు పూటలా. శరీర భారం తగ్గించడం. రాత్రి భోజనం తేలికగా, పెందలకడ ముగించడం. నొప్పి ఉన్న కాలికి ఎదురు వైపు చేతిలో కర్ర పట్టడం. సంధిగతవాతంలో గోరువెచ్చని నువ్వులనూనె మెత్తగా రాసి వావిలాకు కాపడం; ఆమవాతంలో నూనె లేకుండా ఇసుక మూట కాపడం. చక్కెర వ్యాధి ఉన్నవారికి స్పర్శజ్ఞానం తగ్గి ఉండవచ్చు గనుక కాపడపు వేడిని ఇంటివారు తమ చేతితో చూచి పెట్టవలెను. సర్వాంగవాతంలో నిద్ర కుదుర్చడం, రోజుకు కొంచెం కొంచెంగా నడక పెంచడం, మనస్సుకు ఊరట ఇవ్వడం ప్రధాన ఔషధాలు.

ఇంత చేసినా, మోకాలే మూలమని తేలి, నడకా నిద్రా రెండూ పోతుంటే సందేహించక శస్త్రవైద్యుని ఆశ్రయించండి. తిరుమల తిరుపతి దేవస్థానంవారు తిరుపతిలో ఒకవైపు బర్డ్ ఆసుపత్రిలో కీళ్ళ శస్త్రచికిత్సలు చేయిస్తూ, మరొకవైపు శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాలనూ దాని ఆసుపత్రినీ నడుపుతున్నారు. ఒకే స్వామి సన్నిధిలో రెండు వైద్యాలూ ఉండగా మన మనస్సులలో వైరం ఎందుకు? శస్త్రానికి ముందు మీరు వాడే ప్రతి మందునూ, మా కషాయాలతో, గుగ్గులు మాత్రలతో సహా, ఆ వైద్యునికి దాచకుండా చెప్పండి.

తరువాతి జీవితాన్ని గూర్చి కూడా ముందే మాట్లాడుకోవలెను. మార్చిన మోకాలితో గొంతుకూర్చోవడం, నేలపై బాసింపట్టు వేయడం సాధారణంగా మానుకోమంటారు. గుంట మగ్గంపై కూర్చొనే ప్రొద్దుటూరు నేతగానికీ, వేరుశనగ చేలో కూర్చొని కలుపు తీసే పులివెందుల రైతు స్త్రీకీ ఈ మాట జీవనాధారానికి సంబంధించినది. ఇంట్లో ఎత్తు మరుగుదొడ్డి, మంచం, కుర్చీ అమర్చి, నెలల తరబడి వ్యాయామం చేయించే మనిషి ఉన్నప్పుడే పశ్చాత్కర్మ నెరవేరుతుంది. పాతికవేల జీతం పంపే కొడుకుకంటె, మూడు నెలలు పక్కన నిలిచి నడిపించే మనిషి అక్కడ విలువైనవాడు.

కుమారులారా, కుమార్తెలారా, తల్లికి మోకాలు మార్పిస్తామని చెప్పే ముందు ఒక పూట ఆమె పక్కన కూర్చొని, ఎక్కడ నొప్పి, ఎప్పటి నుండి, రాత్రి నిద్ర పడుతున్నదా అని అడగండి. ఆమె చెప్పేదంతా అడ్డు రాకుండా వినండి. ఏ చికిత్సకైనా పూర్వకర్మ అక్కడే మొదలవుతుంది. దానికి ఏ ఆసుపత్రీ రుసుము తీసుకోదు.